పాఠం చెప్పడానికి వచ్చి పాఠం నేర్చుకున్న అక్కయ్య



మనకు అక్షరాలు నేర్పిన వాలంటీరు గుర్తుందా? పగలంతా తన పని తాను చేసుకుంది. పొద్దు గూకాక మన దగ్గరకు వచ్చింది. పలకా బలపం మన చేతికి ఇచ్చింది. ఆమెకు జీతం లేదు. బత్తెం లేదు. ఒక్కో రోజు మనమే పోలేదు. పోయిన రోజున కునికిపాట్లు పడ్డాం. అయినా ఆమె మనల్ని వదల్లేదు.

ఆమె మన ఊరి పిల్లే. మన మాటే ఆమె మాట. మన తిండే ఆమె తిండి. అయినా ఎంత కష్టపడింది!

మరి దేశం కాని దేశం నుంచి వచ్చిన మనిషైతే? మన మాట రాదు. మన తిండి పడదు. మన ఎండకు తట్టుకోలేదు. వీధిలో నడిస్తే జనం వింతగా చూస్తారు. ఇంట్లోకి రానివ్వరు. అలాంటి మనిషి మన ఆడవాళ్ళకు చదువు ఎలా చెబుతుంది?

అలా వచ్చిన ఒక టీచరమ్మ గురించి ఈ పాఠంలో చదువుదాం. ఇది కల్పించిన కథ కాదు, జరిగిన సంగతి. జరిగి 125 ఏళ్ళు దాటింది.

ఎవరీమె?

ఆమె అసలు పేరు మార్గరెట్ నోబుల్. 1867 అక్టోబరు 28న ఐర్లండు దేశంలో పుట్టింది. ఐర్లండు ఇంగ్లండు పక్కనే ఉంటుంది. చుట్టూ సముద్రం. చలి ఎక్కువ.

తండ్రి చర్చిలో బోధకుడు. మార్గరెట్‌కు పదేళ్ళ వయసులో ఆయన చనిపోయాడు. తల్లి పిల్లలతో పుట్టింటికి చేరింది. మార్గరెట్ బాగా చదువుకుంది. 17 ఏళ్ళకే టీచరు పనిలో చేరింది. బొగ్గు గనుల ఊళ్ళో పని చేసింది. కూలివాళ్ళ కష్టం కళ్ళారా చూసింది. తర్వాత లండన్ దగ్గర సొంతంగా బడి పెట్టింది. పిల్లలను కొట్టకూడదు, తిట్టకూడదు, ఆటలతో పాటలతో చదువు చెప్పాలి అనేది ఆమె పద్ధతి. మంచి టీచరు అని పేరు వచ్చింది.

1895లో వివేకానంద స్వామి లండన్ వెళ్ళారు. మార్గరెట్ ఆయన ఉపన్యాసాలు వింది. వెంటనే ఒప్పుకోలేదు. ఎన్నో ప్రశ్నలు వేసింది. వాదించింది. మన దేశంలో ఆడవాళ్ళకు చదువు లేదని, వాళ్ళకు చదువు చెప్పేవాళ్ళు కావాలని ఆయన చెప్పారు. తాను వస్తానంది మార్గరెట్.

ఆయన వెంటనే రమ్మనలేదు. ముందు హెచ్చరిస్తూ ఉత్తరం రాశారు. ఇక్కడ పేదరికం ఎక్కువ, మూఢనమ్మకాలు ఎక్కువ, అంటు పట్టింపులు ఎక్కువ అని రాశారు. ఎండ మండిపోతుందన్నారు. తెల్లవాళ్ళు నిన్ను పిచ్చిదానిలా చూస్తారు, మా వాళ్ళు నిన్ను దూరం పెడతారు అన్నారు. బాగా ఆలోచించుకో అన్నారు.

మార్గరెట్ ఆలోచించుకుంది. ఓడ ఎక్కింది. 1898 జనవరి 28న కలకత్తాలో దిగింది. ఇప్పుడు ఆ నగరాన్ని కోల్‌కతా అంటున్నాం. అప్పటికి ఆమెకు 30 ఏళ్ళు. ఇక్కడికి వచ్చాక వివేకానంద స్వామి ఆమెకు నివేదిత అని పేరు పెట్టారు. నివేదిత అంటే సమర్పించినది అని అర్థం. జనం ఆమెను సిస్టర్ నివేదిత అన్నారు. సిస్టర్ అంటే అక్క, చెల్లెలు.

ముందు తానే బడిలో చేరింది

వచ్చిన వెంటనే నివేదిత బడి పెట్టలేదు. ముందు తానే నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒక సన్యాసి దగ్గర బెంగాలీ అక్షరాలు దిద్దింది. 30 ఏళ్ళ టీచరు మళ్ళీ ఓనమాలు దిద్దింది! పెద్ద వయసులో అక్షరాలు దిద్దడం ఎంత కష్టమో మనకు తెలుసు. చేయి వంకర పోతుంది. నాలుక తిరగదు. సిగ్గేస్తుంది. నివేదితకూ అంతే.

మాట కంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. అది మనసు మార్చుకోవడం. అప్పుడు మన దేశాన్ని ఏలుతున్నది ఇంగ్లీషువాళ్ళు. నివేదితకు ఇంగ్లీషు జెండా అంటే ఎంతో గౌరవం. మా పాలన మంచిది, మా పద్ధతులు గొప్పవి అని ఆమె మనసులో ఉంది. ఆ గర్వం ఉంటే ఇక్కడి మనుషులు నీకు అర్థం కారు అని వివేకానంద స్వామి గట్టిగా చెప్పారు. రోజూ వాదన జరిగేది. ఆమె ఎంతో బాధపడింది. తిరిగి వెళ్ళిపోవచ్చు. కాని వెళ్ళలేదు. తన తప్పేమిటో తనే వెతుక్కుంది.

పేద ఊరికి పాఠం చెప్పడానికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఈ చిక్కు ఉంటుంది. నాకు అన్నీ తెలుసు, వీళ్ళకు ఏమీ తెలియదు అనుకుంటారు. అలా అనుకున్నంత కాలం వాళ్ళు చెప్పేది ఎవరి చెవికీ ఎక్కదు.

చాటుగా చదువుకున్న అమ్మ

కలకత్తాలో బాగ్‌బజార్ అనే పాత పేట ఉంది. అక్కడ శారదాదేవి ఉండేవారు. ఆమె రామకృష్ణ పరమహంస భార్య. అప్పటికి వితంతువు. నివేదిత ఆమెను చూడడానికి వెళ్ళింది. ఆ రోజుల్లో బ్రాహ్మణ వితంతువులు తెల్లవాళ్ళను ముట్టుకునేవారు కాదు. శారదాదేవి మాత్రం నివేదితను బిడ్డలా దగ్గరకు తీసుకున్నారు. కలిసి కూర్చుని తిన్నారు. చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు.

శారదాదేవి చదువు సంగతి కూడా మనం తెలుసుకోవాలి. చిన్నప్పుడు ఆమె మొదటి వాచకం పట్టుకుని చదవబోతే, బంధువు ఒకడు పుస్తకం లాక్కున్నాడు. ఆడవాళ్ళకు చదువెందుకు అన్నాడు. ఆమె ఊరుకోలేదు. ఒక అణా పెట్టి చాటుగా ఇంకో పుస్తకం తెప్పించుకున్నారు. ఇంట్లో బడికి పోయే ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల బళ్ళో నేర్చుకుని వచ్చి ఈమెకు చెప్పేది. తర్వాత ఇంకో ఊళ్ళో, గంగ స్నానానికి వచ్చే ఒక అమ్మాయి ఆమెకు పాఠం చెప్పేది. ఆ అమ్మాయికి ఫీజుగా శారదాదేవి ఆకుకూరలు ఇచ్చేవారు.

చూశారా! ఆకుకూర ఇచ్చి అక్షరం కొనుక్కున్నారు.

నివేదిత శారదాదేవి ఇంట్లో కొన్ని రోజులు ఉంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు నేల మీద చాపలు పరుచుకుని వరసగా పడుకునేవారు. నివేదితా వాళ్ళ పక్కనే చాప పరుచుకుంది. ఎప్పుడు లేస్తారు, ఎలా వండుతారు, ఎలా నవ్వుతారు, దేనికి ఏడుస్తారు, అన్నీ చూసింది. తర్వాత దగ్గర్లోనే, బోస్‌పాడా సందులో, సొంతంగా ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుంది.

పిల్లలను పంపేదెవరు?

బడి పెట్టాలి. మరి పిల్లలేరి? ఆ రోజుల్లో ఆడపిల్లకు పదేళ్ళు నిండకముందే పెళ్ళి చేసేవారు. చదివితే మొగుడు పోతాడని కొన్నిచోట్ల నమ్మేవారు. బెంగాల్లోనే కాదు, మన దగ్గరా అంతే. మన గోదావరి ఒడ్డున కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఆయన్ను ఎంతమంది తిట్టారో లెక్క లేదు.

నివేదిత ఆ పేట మగవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడింది. మీ పిల్లలను పంపండి అని అడిగింది. అందరూ తలలు ఊపారు. లేచి మాట ఇచ్చినవాడు లేడు. వివేకానంద స్వామి చప్పుడు చేయకుండా వచ్చి వెనక కూర్చున్నారు. పక్కవాడిని మోచేత్తో పొడిచి, లేచి మాట ఇమ్మన్నారు. అతను లేవలేదు. చివరికి స్వామే లేచి, ఈయన తన పిల్లను పంపుతాడు అని అందరి ముందూ చెప్పేశారు! నివేదిత చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

1898 నవంబరు 13న బడి మొదలైంది. శారదాదేవి వచ్చి దీవించారు. నివేదిత ఇల్లే బడి.

కేతిలి దగ్గర కట్టుబాటు

ఇప్పుడు ఆమె రోజు ఎలా గడిచేదో చూద్దాం.

ఇంట్లో పని మనిషి కావాలి. తెల్ల మనిషి ఇంట్లో పనికి ఎవరూ రాలేదు. చివరికి ఒక ముసలమ్మ ఒప్పుకుంది. కాని ఒక షరతు పెట్టింది. తన వంటగదిలోకి నివేదిత రాకూడదు. తన పొయ్యినీ, తన నీళ్ళనూ ముట్టుకోకూడదు. ఇల్లు నివేదితది. అద్దె నివేదితది. జీతం ఇచ్చేదీ నివేదితే. అయినా తన ఇంట్లో తనకే అంటు!

మనమైతే ఏం చేస్తాం? కోపంతో పొమ్మంటాం. నివేదిత పొమ్మనలేదు. ఆ ముసలమ్మ చెడ్డది కాదు, పుట్టినప్పటి నుంచి అలా నేర్పారు అనుకుంది. గడప దాటలేదు. ఆ ముసలమ్మ కొన్నాళ్ళకు ఆమెను సొంత మనిషిలా చూసుకుంది.

ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. అంటు పాటించడం తప్పు. ఇప్పుడు మన దేశంలో అంటరానితనం నేరం. ఆ తప్పు వల్ల ఎంత మంది ఎన్ని తరాలు ఏడ్చారో మనలో చాలామందికి సొంత ఇంటి సంగతే. నివేదితకు అది కొన్నాళ్ళ ముచ్చట. మన వాళ్ళకు అది జీవితమంతా. ఆమె ఓర్పును మెచ్చుకుందాం. అంటును మాత్రం మెచ్చుకోవద్దు.

ఆమె తిండి మామూలు తిండి. చాలా రోజులు పాలూ పండ్లతో సరిపెట్టుకునేది. ఇల్లు ఇరుకు. పంకా లేదు. చలి దేశంలో పుట్టిన మనిషి ఎండాకాలంలో ఉడికిపోయేది. ఆ గదిలోనే కూర్చుని పుస్తకాలు రాసేది. పుస్తకాలు ఎందుకు? డబ్బు కోసం. ఆ డబ్బుతో బడి నడవాలి.

ఒక్క మాట కోసం

నివేదితకు బెంగాలీ పూర్తిగా రాలేదు. తప్పులు మాట్లాడేది. పిల్లలు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది.

ఒకరోజు ఆమె గీతల పాఠం చెబుతోంది. ఇంగ్లీషులో గీతను లైను అంటారు. ఆ మాటను మీ భాషలో ఏమంటారు అని పిల్లలను అడిగింది. లైను అనే అన్నారు పిల్లలు. టీచరమ్మ వాడే మాటే సరైన మాట అనుకున్నారు పాపం! నివేదిత ఒప్పుకోలేదు. అది నా భాష, మీ భాషలో చెప్పండి అంది. పిల్లలు తెల్లమొహం వేశారు. ఎంత అడిగినా లైను అనే అంటున్నారు. నివేదితకు బాధ వేసింది. తమ మాటనే మరిచిపోయారే అనుకుంది.

ఇంతలో ఒక పిల్ల లేచి, రేఖ అంది.

నివేదిత మొహం వెలిగిపోయింది. పోయిన నగ దొరికినట్టు సంతోషించింది. రేఖ, రేఖ, రేఖ అంటూ మళ్ళీ మళ్ళీ పలికింది.

రేఖ అనే మాట మనకూ తెలుసు. మన చేతిలో ఉన్నవి రేఖలే. తెల్లారగట్ల కనబడేది వెలుగు రేఖే. మన భాషలో మనకు తెలిసిన మాటలు వేలకు వేలు ఉన్నాయి. విత్తనాల పేర్లు, చేపల పేర్లు, కుట్ల పేర్లు, ముగ్గుల పేర్లు. అక్షరం రాకముందే అవన్నీ మనకు వచ్చు. చదువు అంటే ఆ మాటలను మరిచిపోవడం కాదు. వాటిని కాగితం మీద పెట్టడం.

నివేదితకు ఈ సంగతి బాగా తెలిసింది. అక్కడి ఆడవాళ్ళు పండగలకు బియ్యప్పిండితో నేల మీద బొమ్మలు వేస్తారు. వాటిని ఆల్పన అంటారు. మన ముగ్గు లాంటిదే. చదువు రాని ఆడవాళ్ళు చేత్తో అంత చక్కగా గీస్తే ఆమె ఎంతో మెచ్చుకుంది. బొమ్మలు గీయడం, మట్టితో బొమ్మలు చేయడం, కుట్టుపని, ఇవన్నీ బళ్ళో పెట్టింది. ఒక్కొక్క పిల్ల గురించీ పుస్తకంలో రాసుకునేది. ఎవరు చురుకు, ఎవరికి ఏ పని ఇష్టం, ఎవరు ఎందుకు మానేశారు, అన్నీ రాసుకునేది.

చాలామంది పిల్లలు మధ్యలోనే మానేసేవారు. పెళ్ళి అయిపోయేది. నిన్నటిదాకా పలక పట్టిన పిల్ల నేడు అత్తవారింటికి పోయేది. ఆ చోటు ఖాళీ అయ్యేది. నివేదిత ఆపలేకపోయింది. ఎవరో వచ్చి ఒక్కరోజులో అన్నీ మార్చలేరు.

చీపురు పట్టిన టీచరమ్మ

1899లో కలకత్తాలో ప్లేగు జబ్బు వచ్చింది. అది ఎలుకల ఒంటి మీద ఉండే చిన్న పురుగుల వల్ల వస్తుంది. ఇప్పుడు దానికి మందులు ఉన్నాయి. వెంటనే వైద్యం చేస్తే నయమవుతుంది. అప్పుడు ఆ మందులు లేవు. జనం భయపడి ఊళ్ళు వదిలి పారిపోయారు.

నివేదిత పారిపోలేదు. వివేకానంద స్వామి మనుషులతో కలిసి పేటలు శుభ్రం చేసే పని చేపట్టింది. ఒకరోజు సందు ఊడ్చేవాళ్ళు లేరు. చెత్త కుప్పలుగా పడి ఉంది. నివేదిత చీపురు తీసుకుని తనే ఊడవడం మొదలుపెట్టింది. అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళు చూశారు. వాళ్ళకు సిగ్గు వేసింది. దిగి వచ్చి తామూ చీపుళ్ళు పట్టారు.

ఒక గుడిసెలో ఒక పసివాడికి ప్లేగు తగిలింది. నివేదిత ఆ తడి గుడిసెలోనే ఉండి, పసివాడిని ఒళ్ళో పెట్టుకుంది. నిచ్చెన వేసుకుని గోడలకు సున్నం కొట్టింది. జ్వరం మైకంలో వాడు ఆమెనే తన తల్లి అనుకుని అమ్మా అని పిలిచాడు. వాడు బతకలేదు. ఆమె ఒళ్ళోనే కన్ను మూశాడు.

ఆ పేటవాళ్ళు అంతకుముందు ఆమెను పరాయి మనిషిగా చూశారు. తర్వాత అలా చూడలేదు.

బడి మూతపడింది

ఇంత చేసినా బడి నిలవలేదు. డబ్బు లేక మూతపడింది. 1899 జూన్‌లో నివేదిత ఓడ ఎక్కింది. అమెరికాలో, ఇంగ్లండులో ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చింది. బడి కోసం చందాలు అడిగింది. కొందరు ఇచ్చారు. కొందరు ఎగతాళి చేశారు.

1902లో తిరిగి వచ్చింది. సరస్వతీ పూజ రోజున బడి తలుపులు మళ్ళీ తెరిచింది. ఆ ఏడాదే జులై 4న వివేకానంద స్వామి చనిపోయారు. తనను రమ్మన్న మనిషి లేడు. ఇక ఎందుకు ఉండాలి? ఇంటికి పోవచ్చు. ఆమె పోలేదు. అప్పటికి ఆమె ఇల్లు ఇదే అయిపోయింది.

మధ్యాహ్నం బడి

1903లో ఆమెకు తోడు దొరికింది. క్రిస్టీన్ అనే ఆమె అమెరికాలో టీచరు. ఆమె కూడా వచ్చి ఈ ఇంట్లోనే ఉంది. ఇద్దరూ కలిసి ఒక కొత్త పని మొదలుపెట్టారు. పెళ్ళయిన ఆడవాళ్ళకూ, వితంతువులకూ బడి పెట్టారు.

పెళ్ళయినవాళ్ళకు చదువా అని పేటలో అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. వాళ్ళు పరదా చాటున ఉండే ఆడవాళ్ళు. గడప దాటి ఎరగరు. వాళ్ళకు ఉదయం వంట పని, సాయంత్రం దీపాల పని. మధ్యాహ్నం కాస్త తీరిక. ఆ తీరిక వేళలోనే బడి. చదవడం, రాయడం, కుట్టుపని నేర్పారు. కుట్టుపని వస్తే నాలుగు డబ్బులు చేతికి వస్తాయి. వితంతువుకు ఆ నాలుగు డబ్బులే కొండంత అండ.

మన కేంద్రానికి ఏ వేళ పెడితే ఆడవాళ్ళు వస్తారు అని మనమూ ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం! 1903లో వాళ్ళూ ఆ మాటే మాట్లాడుకున్నారు.

తర్వాత సుధీర అనే బెంగాలీ యువతి వచ్చి టీచరుగా చేరింది. బయటి నుంచి వచ్చినవాళ్ళు పెట్టిన బడిని ఆ నేల మీద పుట్టిన ఆడపిల్ల అందుకుంది. నివేదిత కోరుకున్నదీ అదే.

ఏకాదశి నాటి సంగతి

ఒక సంగతి చెప్పి ఊరుకుంటే ఆమె మనసు తెలుస్తుంది.

నివేదిత బడిలో ఒక బాల వితంతువు ఉండేది. బెంగాల్లో వితంతువులు ఏకాదశి నాడు మంచినీళ్ళు కూడా తాగకూడదు. పసిపిల్లకైనా అదే నియమం. ఉపవాసం ఉన్న ఆ పిల్లను నివేదిత పిలిచి, తినడానికి తగినది ఏదైనా పెట్టేది.

ఒక ఏకాదశి నాడు ఆమె పని మీద బయటికి వెళ్ళింది. అక్కడే భోజనం చేసింది. సాయంత్రం ఉన్నట్టుండి ఆ పిల్ల గుర్తుకు వచ్చింది. పరుగు పరుగున ఇంటికి వచ్చింది. పిల్లను పిలిపించింది. నేను మరిచిపోయాను, నువ్వు ఆకలితో ఉంటే నేను తిన్నాను, ఎంత తప్పు చేశాను అని బాధపడింది.

మంచి టీచరుకు పాఠం గుర్తుంటుంది. ఇంకా మంచి టీచరుకు పిల్ల ఆకలి కూడా గుర్తుంటుంది.

ఆమె ఎంత మారింది!

నివేదిత దేవత కాదు, మనిషే. ఆమెకు కోపం ఎక్కువ. తొందర ఎక్కువ. అనుకున్నది వెంటనే జరగాలి అనుకునేది. ఆ కోపాన్ని అణచుకోవడం కూడా ఇక్కడే నేర్చుకుంది.

వచ్చినప్పుడు ఆమెకు ఇంగ్లీషు జెండా గొప్పది. తర్వాత తర్వాత మన దేశం మనదే కావాలి అని రాసింది, మాట్లాడింది. వచ్చినప్పుడు వీళ్ళకు నేను నేర్పాలి అనుకుంది. తర్వాత వీళ్ళ దగ్గర నేను నేర్చుకోవాలి అని తెలుసుకుంది. చదువు రాని ఆడవాళ్ళలో ఎంత తెలివి, ఎంత ఓర్పు ఉన్నాయో పుస్తకాల్లో రాసింది. ఆ పుస్తకాలు ఆమె పుట్టిన దేశంలోనూ చదివారు.

1906లో తూర్పు బెంగాల్లో వరద, కరువు వచ్చాయి. నివేదిత పడవ మీద ఊళ్ళు తిరిగి జనం బాధలు చూసింది. మలేరియా తగిలింది. అంతకు ముందు ఏడాదే ఆమెకు పెద్ద జబ్బు చేసి బతికి బయటపడింది. ఒళ్ళు బాగా దెబ్బతింది.

1911 అక్టోబరు 13న డార్జిలింగు కొండల్లో ఆమె చనిపోయింది. 44 ఏళ్ళు కూడా నిండలేదు. చనిపోయేముందు వీలునామా రాసింది. తన దగ్గర ఉన్న డబ్బు, తన పుస్తకాల మీద వచ్చే డబ్బు, అంతా మన దేశపు ఆడవాళ్ళ చదువుకే రాసి ఇచ్చింది.

ఆమె పెట్టిన బడి ఇప్పటికీ బాగ్‌బజార్‌లో నడుస్తోంది. అప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది పిల్లలు. ఇప్పుడు తరగతులకు తరగతులు.

మనకేమిటి సంబంధం?

నివేదిత సముద్రం దాటి వచ్చింది. మనం దాటనక్కరలేదు. వీధి దాటితే చాలు.

మన వీధిలోనే అక్షరం రాని అక్క ఉంటుంది. పని కోసం వేరే ఊరి నుంచి, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. ఇటుక బట్టీల దగ్గర, మేస్త్రీ పనుల దగ్గర ఉంటారు. వాళ్ళ మాట మనకు రాదు. మన మాట వాళ్ళకు రాదు. బస్సు మీద ఊరి పేరు చదవలేరు. ఆస్పత్రి చీటీ చదవలేరు. ఈ ఊళ్ళో వాళ్ళు పరాయివాళ్ళు. ఆనాడు నివేదిత ఆ సందులో ఎలా నిలబడిందో, వాళ్ళు మన సందులో అలాగే నిలబడి ఉన్నారు.

మనకు వచ్చింది కొంచెమే కదా, మనమేం నేర్పుతాం అనుకోకండి. శారదాదేవికి అక్షరాలు చెప్పింది పెద్ద పండితులు కాదు, బడికి పోయే ఒక పిల్ల. నిన్న నేర్చుకున్నవాళ్ళకే నేర్చుకునే కష్టం బాగా తెలుసు. ఎక్కడ చేయి వణుకుతుందో, ఎక్కడ సిగ్గేస్తుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

వెళ్ళేముందు ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ముందు వాళ్ళ మాట ఒకటి మనం నేర్చుకుందాం. నీళ్ళను మీరు ఏమంటారు, అన్నాన్ని ఏమంటారు అని అడుగుదాం. వాళ్ళు చెబుతారు. మనం తప్పు పలుకుతాం. వాళ్ళు నవ్వుతారు. మనమూ నవ్వుదాం.

అక్కడే బడి మొదలవుతుంది.

కొత్త మాటలు

బత్తెం: రోజు ఖర్చుకు ఇచ్చే డబ్బు లేదా గింజలు
పరదా: మగవాళ్ళ కంట పడకుండా ఆడవాళ్ళు చాటున ఉండే పద్ధతి
ఆల్పన: బెంగాల్లో బియ్యప్పిండితో వేసే ముగ్గు
అణా: పాత నాణెం. 16 అణాలు ఒక రూపాయి
వీలునామా: చనిపోయాక తన ఆస్తి ఎవరికి చెందాలో రాసిన కాగితం

చదివి జవాబు చెప్పండి

1. నివేదిత అసలు పేరు ఏమిటి? ఏ దేశంలో పుట్టింది?
2. శారదాదేవి తనకు పాఠం చెప్పిన అమ్మాయికి ఏమి ఇచ్చారు?
3. రేఖ అనే మాట వినగానే నివేదిత ఎందుకు సంతోషించింది?
4. పెళ్ళయిన ఆడవాళ్ళకు మధ్యాహ్నమే బడి ఎందుకు పెట్టారు?

కలిసి మాట్లాడుకోండి

పని మనిషి తన వంటగదిలోకి రావద్దంటే నివేదిత ఊరుకుంది. మీరైతే ఏం చేసేవారు?
మన ఊళ్ళో ఇప్పటికీ అంటు పాటించే చోట్లు ఉన్నాయా? దాన్ని ఎలా మాన్పించాలి?
మీకు అక్షరాలు నేర్పిన వాలంటీరుకు మీరు నేర్పినది ఏమైనా ఉందా?

రాయండి

మీకు మొదటి అక్షరం నేర్పిన మనిషి గురించి ఐదు వాక్యాలు రాయండి. రాసి ఆ మనిషికే చదివి వినిపించండి.